పెద్ద ఒళ్లు, లోతైన ఛాతీ: హౌండ్ పెంపకంపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం పెద్ద హౌండ్ జాతుల, అంటే వేటకుక్కల, గురించే. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను. చూపుతో వేటను తరిమే గ్రేహౌండ్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ ఒక తీరు. నేలకు ముక్కు ఆనించి వాసన వెంట నడిచే బ్లడ్‌హౌండ్ మరో తీరు. స్వభావాలు వేరైనా మూడింటికీ ఛాతీ లోతుగా ఉంటుంది, కాళ్లు పొడవుగా ఉంటాయి, చిన్నతనంలో ఎముక జోరుగా పెరుగుతుంది. పశువైద్యురాలిగా నా దగ్గరకు వచ్చే హౌండ్‌లలో నేను చూసే కష్టాలు ఎక్కువగా ఈ శరీర నిర్మాణం వల్ల వచ్చేవే. వాటిలో చాలావాటిని ఇంట్లోనే, తిండి గిన్నె దగ్గరే ఆపవచ్చు.

ప్రశ్న: మా ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ పిల్లకు నాలుగు నెలలు. అదే ఈతలో పుట్టిన మిగతా పిల్లల కన్నా సన్నగా కనిపిస్తోంది. ఎముకలు గట్టిపడతాయని క్యాల్షియం మాత్రలు వేస్తున్నాం. ఇంకా ఏం పెడితే త్వరగా ఎదుగుతుంది?

ముందుగా ఆ మాత్రలు ఈరోజే ఆపేయండి. మిగతా జవాబు తర్వాత తీరిగ్గా చదవండి.

ఆరు నెలల లోపు కుక్కపిల్ల పేగుకు అదనపు క్యాల్షియాన్ని వద్దని తోసిపుచ్చే శక్తి ఇంకా సరిగా రాదు. పెద్ద కుక్క అయితే కావలసినంత తీసుకుని మిగతాది బయటికి పంపేస్తుంది. పిల్ల మాత్రం మీరు ఎంత పోస్తే అందులో చాలా భాగాన్ని ఒంట్లోకి తీసుకుంటుంది. అది ఎముకను గట్టిపరచకపోగా, మృదులాస్థి ఎముకగా మారే క్రమాన్నే దెబ్బ తీస్తుంది. కీలు లోపలి మృదులాస్థి పెచ్చులు ఊడటం, ముంజేతులు వంకర తిరగడం లాంటివి అలాగే మొదలవుతాయి. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980లలో గ్రేట్ డేన్ జాతి కుక్కపిల్లల మీద చేసిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా తేలింది. ఎక్కువ క్యాల్షియం తిన్న పిల్లల ఎముకలే చెడిపోయాయి. మాంసకృత్తులు ఎక్కువైతే ఎముకలు పాడవుతాయని చాలామంది భయపడతారు. అక్కడే దాన్నీ పరీక్షించారు, ఆ భయానికి ఆధారం దొరకలేదు. కాబట్టి మాంసకృత్తులు తగ్గించకండి, క్యాల్షియం పెంచకండి.

మీరు పెడుతున్న ప్యాకెట్ ఆహారం మీద 'పెద్ద జాతి పిల్లల కోసం' అని రాసి ఉందో లేదో చూడండి. పెద్దయ్యాక 32 కిలోలు, అంతకు మించి తూగే జాతుల పిల్లల ఆహారంలో తేమ తీసేసి లెక్కిస్తే క్యాల్షియం 1.8 శాతం దాటకూడదని అమెరికాలోని పశువుల దాణా నియంత్రణాధికారుల సంఘం నిర్దేశించింది. మిగతా కుక్కలకు ఆ పరిమితి 2.5 శాతం. మంచి ఆహారంలో ఈ పాళ్లు ముందే సరిచూసి ఉంటాయి. దాని మీద ఒక మాత్ర కలిపినా ఆ లెక్క తప్పిపోతుంది.

ఇక త్వరగా ఎదగడం గురించి. ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ పిల్ల పుట్టినప్పుడు అర కిలోకు కాస్త అటూఇటూగా ఉంటుంది. పూర్తిగా ఎదిగిన మగది కనీసం 54 కిలోలు తూగాలని జాతి ప్రమాణాలు చెబుతాయి. ఏడాదిన్నర, రెండేళ్లలో వందరెట్లు పెరిగే జీవానికి ఇంకా తొందరపెట్టవలసిన అవసరం ఏముంది? అది ఎంత ఎత్తు అవుతుందో తల్లిదండ్రులను బట్టి ముందే నిర్ణయమైపోయింది. తిండి ఎక్కువ పెడితే ఆ ఎత్తుకు తొందరగా చేరుతుంది తప్ప ఇంకా పెద్దది కాదు. ఈలోగా ఇంకా గట్టిపడని కీళ్ల మీద బరువు పడిపోతుంది. నిదానంగా పెరిగిన పిల్ల కూడా అదే ఎత్తుకు చేరుతుంది, కాకపోతే బాగున్న కీళ్లతో చేరుతుంది.

మీ పిల్ల 'సన్నగా' ఉందో లేదో కంటితో తేల్చకండి. ముఖ్యంగా గరుకు జుట్టున్న వుల్ఫ్‌హౌండ్ విషయంలో కన్ను బాగా మోసపోతుంది. చేత్తో చూడండి. మీ ఎడమచేతిని పిడికిలి బిగించి, కుడిచేతి వేళ్లతో ఆ కణుపుల మీద తడమండి. ఎత్తుపల్లాలు గట్టిగా తగులుతాయి కదా, పక్కటెముకలు అలా తగిలితే కుక్క మరీ బక్కగా ఉన్నట్టు. ఇప్పుడు పిడికిలి విప్పి అరచేతిని నేలవైపు చాపి, వేళ్లు మొదలయ్యే చోట పైనుంచి తడమండి. పలచని చర్మం కింద ఎముక తేలిగ్గా తగులుతుంది కానీ పొడుచుకురాదు. మీకు కావలసింది అదే. చేతిని తిరగేసి అరచేతి మెత్తదనం మీద తడమండి. పక్కటెముకలు వెతుక్కుంటే తప్ప తగలకుండా ఆ మెత్తదనంలా ఉంటే తిండి ఎక్కువైందని అర్థం. ఈ పరీక్షను వారానికొకసారి అదే రోజున చేయండి.

పెట్టే తిండిని కప్పుతో కాక త్రాసు మీద గ్రాముల్లో తూచండి. కప్పు నింపే చేయి మారితే కొలత మారుతుంది. ఇంట్లో ముగ్గురు ఉంటే మూడు కొలతలు. ప్యాకెట్ మీది పట్టికతో మొదలుపెట్టి, చేతికి తగిలేదాన్ని బట్టి పది శాతం పెంచడమో తగ్గించడమో చేయండి. నాలుగు నెలల పిల్లకు రోజుకు మూడు పూటలు. ఆరు నెలలు దాటాక రెండు పూటలకు మార్చవచ్చు. ఆ రెండు పూటలు మాత్రం జీవితాంతం ఉండాలి, ఎందుకో కింద మరో జవాబులో రాశాను.

సన్నగా ఉంచడమన్నది పిల్లతనంతో ముగిసే సంగతి కాదు. 48 లాబ్రడార్లను జతలు జతలుగా పెట్టి, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్లవాతం కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చింది. లాబ్రడార్ హౌండ్ కాదు, నిజమే. కానీ అసలే ఆయుష్షు తక్కువైన వుల్ఫ్‌హౌండ్ లాంటి జాతికి కలిసొచ్చే ప్రతి నెలా విలువైనదే.

ప్రశ్న: అదే వయసు పిల్లను ఎంత దూరం నడిపించాలి? మా ఇల్లు రెండో అంతస్తులో ఉంది. మెట్లు ఎక్కించవచ్చా?

మెట్ల విషయంలో జాగ్రత్త అవసరమే. నార్వేలో 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్, లియోన్‌బర్గర్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ పిల్లలను గమనించారు. పుట్టినప్పటి నుంచి మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కిన పిల్లల్లో తుంటి కీలు వదులయ్యే జబ్బు ఎక్కువగా కనిపించింది. అదే వయసులో మెత్తని, ఎగుడుదిగుడు నేల మీద పట్టీ లేకుండా తమ ఇష్టానికి తిరిగిన పిల్లల్లో తక్కువగా కనిపించింది. అంటే కదలిక చెడ్డది కాదు, కదలించే తీరును బట్టి ఉంటుంది. పిల్ల తనకు తానుగా పరుగెత్తి, అలసి, కూలబడే ఆటను కొనసాగనివ్వండి. పట్టీ వేసి గట్టి రోడ్డు మీద ఒకే వేగంతో లాక్కెళ్లే నడక, సైకిల్ వెంట పరుగు, బంతి కోసం పదేపదే ఎగిరి దూకడం వద్దు. ఎముకల చివర్లలోని పెరుగుదల పొరలు పెద్ద జాతుల్లో మూసుకోవడానికి ఏడాది పైన, బాగా పెద్ద జాతుల్లో ఏడాదిన్నర, ఆపైన కూడా పడుతుంది. అప్పటిదాకా ఇదే పద్ధతి. ఎత్తగలిగినంత కాలం మెట్ల దగ్గర పిల్లను ఎత్తుకోండి. ఎత్తలేని బరువుకు వచ్చాక దిగేటప్పుడు పట్టీ పొట్టిగా పట్టుకుని ఒక్కొక్క మెట్టే దింపండి. ఎక్కడం కన్నా దిగడం దాని ముందుకాళ్లకు ఎక్కువ భారం.

ప్రశ్న: మా బంధువుల బ్లడ్‌హౌండ్ రాత్రి బాగానే తిని, తెల్లవారేసరికి చనిపోయింది. కడుపు మెలిపడిందన్నారు. మాదీ అదే జాతి. అప్పటినుంచి మాకు నిద్ర పట్టడం లేదు. తిండిలో తేడా వల్లేనా? గిన్నెను స్టాండ్ మీద పెడితే రాదంటున్నారు, నిజమా?

మీ భయం సరైనదే. పెద్ద హౌండ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ జబ్బు గురించి అందరికీ, పిల్లలతో సహా, తెలిసి ఉండాలి.

ఇందులో జరిగేది ఇది. కడుపు గాలితో ఉబ్బుతుంది. లోతైన, ఇరుకైన ఛాతీ ఉన్న కుక్కలో కడుపుకు ఊగడానికి చోటు ఎక్కువ, కాబట్టి ఉబ్బిన కడుపు తన చుట్టూ తాను తిరిగిపోతుంది. పైన అన్నవాహిక, కింద పేగు, రెండు వైపులా దారి మూసుకుపోతుంది. గాలి బయటికి రాదు, ఇంకా పెరుగుతుంది. ఉబ్బిన కడుపు పెద్ద రక్తనాళాలను నొక్కడంతో గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గిపోతుంది. ప్లీహం కూడా దాంతోపాటు మెలికలోకి లాక్కుపోతుంది. కడుపు గోడకు రక్తం అందక నల్లబడటం మొదలవుతుంది. ఇదంతా కొన్ని గంటల్లో జరిగిపోతుంది.

ఇంట్లో మీకు కనిపించే మొదటి గుర్తు చాలాసార్లు ఉబ్బిన పొట్ట కాదు. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. హౌండ్ కడుపు పక్కటెముకల చాటున ఉంటుంది. ఉబ్బు బయటికి తెలిసేసరికి ఆలస్యం కావచ్చు. ముందు కనిపించేది డోకు. కుక్క నడుము వంచి, మెడ చాచి, వాంతి కోసం గట్టిగా ప్రయత్నిస్తుంది. ఏమీ రాదు. మహా అయితే తెల్లని నురగ, తీగలా సాగే చొంగ వస్తాయి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ అదే. పడుకోలేక లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంటుంది, తన పొట్టవైపు తానే తిరిగి చూస్తుంది. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపే గులాబీ రంగుకు తిరిగి వస్తుంది. అంతకన్నా ఎక్కువసేపు పట్టినా, చిగుళ్లు పాలిపోయినా, బూడిద రంగులో ఉన్నా ఒక్క నిమిషం కూడా ఆలోచించకండి. చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయని ఊరుకోకండి కూడా, మొదట్లో అవి అలాగే ఉంటాయి. వట్టి డోకు ఒక్కటే చాలు బయలుదేరడానికి.

నా దగ్గరకు ఆలస్యంగా వచ్చే కేసుల్లో ఇంచుమించు అందరూ ఒకే మాట చెబుతారు: 'అజీర్తి అనుకున్నాం డాక్టర్ గారూ, పొద్దున దాకా చూద్దామనుకున్నాం.' ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను. దయచేసి పొద్దున దాకా చూడకండి. గ్యాస్ మందు పోయకండి, నడిపిస్తే తగ్గుతుందని తిప్పకండి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రికి ఫోను చేసి, 'పెద్ద హౌండ్, కడుపు మెలిపడిందేమో, వస్తున్నాం' అని చెప్పి బయలుదేరండి. మీరు చేరేసరికి వాళ్లు సెలైన్, గొట్టాలు, ఆపరేషన్ గది సిద్ధం చేసుకుంటారు. సెలైన్ పెట్టి, కడుపులోని గాలి తీసి, ఆపరేషన్ చేసి మెలిక విప్పి, కడుపును పొట్ట గోడకు కుట్టడమే దీనికి చికిత్స. సమయానికి చేరిన కుక్కల్లో ఎక్కువ భాగం బతుకుతాయి.

ఆ రోజు రాకముందే మూడు పనులు చేసుకోండి. ఆ ఆసుపత్రి నంబరు అందరి ఫోన్లలోనూ ఉండాలి. బండి ఎవరు నడపాలో ముందే అనుకోవాలి. లేవలేని 50 కిలోల కుక్కను ఎలా తీసుకెళ్లాలో ఒకసారి సాధన చేసి చూడాలి. మందపాటి దుప్పటి పక్కన పరిచి, కుక్కను దాని మీదికి జరిపి, నాలుగు మూలలూ ఇద్దరు పట్టుకుని ఎత్తాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే దాన్ని రెండుసార్లు అలా ఎత్తండి, దానికీ అలవాటవుతుంది.

ఇక మీరు అడిగిన స్టాండ్ గురించి. స్టాండ్ మీద పెడితే రాదన్న మాట చాలా కాలంగా ప్రచారంలో ఉంది. కానీ పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు పెద్ద జాతి కుక్కలను ఏళ్ల తరబడి గమనించి 2000లో ప్రచురించిన ఫలితాల్లో దీనికి విరుద్ధంగా తేలింది. ఎత్తైన గిన్నెలో తిన్నవాటికే ప్రమాదం ఎక్కువ. ఆబగా తినడం, వయసు మీదపడటం, తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉండటం కూడా ప్రమాదాన్ని పెంచేవిగా కనిపించాయి. మెడ నొప్పి లాంటి కారణంతో వైద్యులు ప్రత్యేకంగా చెబితే తప్ప గిన్నెను నేల మీదే పెట్టండి. రోజు మొత్తం తిండినీ ఒకే పూట పెట్టకండి, రెండు మూడు పూటలుగా పంచండి. గబగబా మింగే కుక్కకు లోపల గట్లు ఉన్న గిన్నెలు దొరుకుతాయి, లేదా వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి పెట్టండి. ఇంట్లో రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో పెట్టండి. పోటీ ఉంటే ఏ హౌండూ నమిలి తినదు. తిన్న వెంటనే, తినబోయే ముందు గంటసేపు పరుగులు, కుస్తీ ఆటలు వద్దు. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

ఇవన్నీ ప్రమాదాన్ని తగ్గిస్తాయి కానీ పూర్తిగా తొలగించవు. మెలిక పడకుండా అన్నిటికన్నా గట్టిగా కాపాడేది ముందుజాగ్రత్త ఆపరేషన్. కడుపు గోడను పొట్ట లోపలి గోడకు కుట్టేస్తారు. ఆ తర్వాత గాలితో ఉబ్బితే ఉబ్బవచ్చు గానీ మెలిపడటం చాలా అరుదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటే దీన్నీ చేయించవచ్చు, చిన్న రంధ్రాల ద్వారా కూడా చేస్తారు. మీ కుక్కకు, మీ బంధువుల కుక్కకు రక్తసంబంధం ఉంటే నేనైతే ఆలస్యం చేయను. వచ్చే నెలలోనే చేయించమంటాను.

ప్రశ్న: పందేల నుంచి విరమించిన గ్రేహౌండ్‌ను దత్తత తీసుకున్నాం. పక్కటెముకలు కనిపిస్తున్నాయి, ఊరికే వణుకుతుంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువ, థైరాయిడ్ తక్కువ అని వచ్చింది. జబ్బేనా?

చాలావరకు కాదు, మీ కుక్క గ్రేహౌండ్ కావడం వల్లే. ఈ జాతి రక్తం మిగతా కుక్కల రక్తంలా ఉండదు. ఎర్రకణాల పాళ్లు ఎక్కువ, 50 నుంచి 65 శాతం దాకా సహజమే. ప్లేట్‌లెట్లు, థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోను తక్కువగా, మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా ఉంటాయి. అన్ని జాతులకూ కలిపి వేసిన పట్టికతో పోల్చి చూస్తే ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్ కూడా రోగిలా కనిపిస్తుంది. ఆ ఒక్క థైరాయిడ్ సంఖ్యను చూసి మాత్రలు మొదలుపెట్టకండి. జుట్టు రాలడం, మందకొడిగా ఉండటం, కారణం లేకుండా ఒళ్లు చేయడం లాంటి లక్షణాలు ఉంటేనే మరిన్ని పరీక్షలు అడగండి.

గ్రేహౌండ్‌కు చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపించడం మంచిదే. వీపు మీది వెన్నుపూసలు కత్తిలా తేలి, తుంటి ఎముకల మధ్య గుంట పడితేనే బక్కచిక్కినట్టు. వంటి మీద కొవ్వు తక్కువ, చర్మం పలచన, జుట్టు పొట్టి. చలికి వణకడంలో వింత లేదు, తొడుగు వేయండి. ఆ పలచని చర్మం ముళ్లకంచెకు తగిలినా చిరుగుతుంది. పళ్లు చాలా త్వరగా పాడవుతాయి. దత్తత వచ్చిన వారం నుంచే రోజూ బ్రష్ చేయడం అలవాటు చేయండి. మనుషుల టూత్‌పేస్టు వాడకండి, కుక్కల కోసం చేసిందే వాడాలి.

ఏ ఆపరేషన్‌కైనా ముందు 'ఇది గ్రేహౌండ్' అని వైద్యులకు నోటితో చెప్పండి. థయోపెంటాల్ వంటి మత్తుమందుల నుంచి ఈ జాతి చాలా ఆలస్యంగా తేరుకుంటుంది. ఆపరేషన్ బాగా జరిగిన ఒకటి రెండు రోజుల తర్వాత గాయం చుట్టూ రక్తం కారి కమిలిపోవడం కూడా ఈ జాతిలో ఉంది, దానికి మందులున్నాయి. మరొక్క మాట. గ్రేహౌండ్ మెడ తలకన్నా లావు, మామూలు మెడపట్టీ జారిపోతుంది. లాగితే బిగుసుకునే వెడల్పాటి పట్టీ వేసి, కంచె లేని చోట ఎన్నడూ వదలకండి. కదిలేది ఏదైనా కంటబడితే మీ పిలుపు దానికి వినిపించదు.

ప్రశ్న: మా బ్లడ్‌హౌండ్ చెవుల నుంచి ఎంత కడిగినా దుర్వాసన. కళ్ల కింద ఎరుపు. తిన్నప్పుడల్లా చెవులు గిన్నెలో పడతాయి.

మీరు ఎంత కడుగుతున్నారో రాయలేదు. రోజూ కడుగుతుంటే కడగడం వల్లే వాసన రావచ్చు. పొడవాటి చెవి తలుపులా మూసి ఉంటుంది. లోపల గాలి ఆడదు, తడి ఆరదు, ఆ తడిలో ఈస్ట్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. వారానికోసారి చాలు. చెవులు కడగడానికి వైద్యులు ఇచ్చే ద్రావణం నింపి, చెవి మొదట్లో అరనిమిషం మెత్తగా నలిపి, కుక్కను తల విదిలించనిచ్చి, పైకి వచ్చినదాన్ని దూదితో తుడవండి. పుల్లకు చుట్టిన దూది లోపలికి పెట్టకండి. స్నానం చేసినా, నీళ్లలో దిగినా ఆరోజే ఆరబెట్టండి. గోధుమరంగు జిగురు, ఎరుపు, తల ఒకవైపు వంచడం ఉంటే ఇంటి వైద్యం ఆపి చూపించండి. ఆ జిగురును సూక్ష్మదర్శినిలో చూస్తేగానీ ఈస్టో బ్యాక్టీరియానో తెలియదు, రెండింటికీ మందులు వేరు. మళ్లీ మళ్లీ వస్తుంటే అసలు కారణం అలర్జీ కావచ్చు, ఆ సంగతి అడగండి.

గిన్నెలో చెవులు పడకుండా మూతి మాత్రమే పట్టే ఇరుకైన, లోతైన గిన్నె పెట్టండి. లేదా తినే పది నిమిషాలూ చెవులను వెనక్కి ఉంచే మెత్తని గుడ్డ తొడుగు వేయండి. తిన్నాక పెదవుల మడతలు, ముఖం మడతలు తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో ఒత్తండి. తుడవడం కన్నా ఆరబెట్టడమే ముఖ్యం. ఈ జాతికి కింది రెప్ప జారి ఉండటం మామూలే, దాంతో దుమ్ము చేరుతుంది. ఉప్పునీటి ద్రావణంతో కడగవచ్చు. కానీ కన్ను సగం మూసి ఉంచినా, కాలితో రుద్దుకున్నా నల్లగుడ్డు మీద పుండు ఉందేమో అదేరోజు చూపించాలి.

ప్రశ్న: ధాన్యం లేని ఆహారం హౌండ్‌లకు సహజమని, ఖరీదైనా అదే మంచిదని విన్నాం. మాది వుల్ఫ్‌హౌండ్. మార్చమంటారా? ఇంట్లో వండి పెట్టవచ్చా?

వద్దు. ధాన్యానికి అలర్జీ ఉందని వైద్యపరంగా తేలితే తప్ప దాన్ని తీసేయడం వల్ల లాభం లేదు. ధాన్యం స్థానంలో బఠాణీలు, పప్పుధాన్యాలు ఎక్కువగా వేసిన ఆహారాలకూ, గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018 జులైలో విచారణ మొదలుపెట్టింది. ఖచ్చితమైన కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. కానీ వుల్ఫ్‌హౌండ్‌కు వంశపారంపర్యంగానే ఆ జబ్బు ఎక్కువ. అలాంటి జాతి మీద ప్రయోగం ఎందుకు? దాని బదులు ఏడాదికోసారి గుండె పరీక్ష చేయించండి. స్టెతస్కోపుతో సరిపెట్టక ఈసీజీ కూడా తీయించండి. ఈ జాతిలో గుండె లయ తప్పడం చాలాసార్లు ముందు కనిపించే గుర్తు, అప్పటికి కుక్క హుషారుగానే తిరుగుతుంటుంది.

ఇంట్లో వండి పెట్టడం గురించి కూడా అడిగారు. ప్రేమతో చేస్తారు, కాదనను. కానీ మాంసం, కూర కలిపి పెడితే క్యాల్షియం, జింకు, అయోడిన్ లాంటివి చాలవు. ఎదిగే పిల్లకైతే ఆ లోటు చాలా హాని చేస్తుంది. పశువుల పోషకాహార నిపుణులతో కొలతలు రాయించుకుని, ఒక్క పదార్థమూ మార్చకుండా పెట్టగలిగితేనే ఆ పని చేయండి. ఆహారం ఏది మార్చినా వారం నుంచి పదిరోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్నవి, ఉడికించిన ఎముకలు పెట్టకూడదు. ఇందులో 'కొంచెం అయితే ఫర్వాలేదు' అన్నది లేదు.

ప్రశ్న: ఏడేళ్ల వుల్ఫ్‌హౌండ్. మూడు వారాలుగా ముందుకాలు కుంటుతోంది. బెణుకు అనుకుని నా నొప్పి మాత్ర సగం ఇచ్చాను, కాస్త తగ్గింది.

ఆ మాత్ర మళ్లీ ఇవ్వకండి. ఇబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మీరు ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో కాగితం మీద రాసి వైద్యులకు చూపించండి. దాన్ని బట్టే వాళ్లు మరో నొప్పి మందు ఎప్పుడు మొదలుపెట్టవచ్చో తేలుస్తారు.

ఈ వారమే ఎక్స్‌రే తీయించండి. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. బాగా పెద్ద జాతుల్లో, నడివయసు దాటాక, వారాల తరబడి తగ్గని కుంటికి ఎముక క్యాన్సర్ ఒక కారణం. ముందుకాలిలో అది ఎక్కువగా మణికట్టుకు కాస్త పైన, లేదా భుజం దగ్గర వస్తుంది. రెండు కాళ్లనూ ఒకేసారి రెండు చేతులతో పైనుంచి కిందికి తడిమి చూడండి. ఒకవైపు గట్టి వాపు, నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే దాకా పరుగులు, దూకడాలు ఆపించండి, ఆ ఎముక విరగవచ్చు. నొప్పి మందుతో కాస్త తగ్గడం వల్ల బెణుకేనని రుజువు కాదు. కీళ్లవాతమో, కండరం పట్టేయడమో అని తేలితే అంతకన్నా సంతోషం లేదు. క్యాన్సరే అయినా త్వరగా తెలిస్తే నొప్పి లేకుండా చూడటానికైనా దారులు చాలా ఉంటాయి. మూడు వారాలు గడిచాయి, నాలుగోది గడవనివ్వకండి.

చిన్న ప్రశ్నలు, చిన్న జవాబులు

మోచేతులు కాయలు కాసి, ఒకదాని మీద నీటి సంచిలా వాపు వచ్చిందని ఒకరు రాశారు. గట్టి నేల మీద పెద్ద బరువు రోజూ పడుకోవడం వల్లే. నాలుగంగుళాలకు తగ్గని దళసరి పరుపు వేయండి. నొప్పి, వేడి లేకపోతే దాన్ని పొడిచి నీరు తీయించకండి, అలా చేస్తే సూక్ష్మక్రిములు లోపలికి చేరతాయి.

గోళ్లు ఎప్పుడు కత్తిరించాలని అడిగారు. గచ్చు మీద నడిచేటప్పుడు టకటక వినిపిస్తే సమయం దాటినట్టే. గోరు పొడవైతే వేళ్లు పక్కకు తిరిగి మొత్తం కాలి నిలువు మారిపోతుంది.

ఎండలో ఆడి వచ్చి రొప్పుతూ తూలుతుంటే ఏం చేయాలని మరో ఉత్తరం. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణాపాయం. ముందు చల్లబరచండి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒళ్లంతా నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టండి. తడిగుడ్డ కప్పి వదిలేయకండి, అది వేడిని బయటికి పోనివ్వదు. తేరుకున్నట్టు కనిపించినా ఆరోజే చూపించాలి.

వచ్చే సంచికకు ఉత్తరం రాసేవారు కుక్క వయసు, బరువు, రోజుకు ఎన్ని గ్రాముల ఏ ఆహారం ఎన్ని పూటలుగా పెడుతున్నారో, ఇప్పుడు వాడుతున్న మందులేమిటో తప్పకుండా రాయండి. పైనుంచి, పక్కనుంచి నిలబడి ఉండగా తీసిన రెండు ఫొటోలు జతచేయండి. వట్టి డోకు, తూలడం, చిగుళ్లు పాలిపోవడం లాంటివి ఉంటే మాత్రం నాకు ఉత్తరం రాయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.